ఖాళీగా వదలకూడని ఇల్లు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే, తరవాత జరిగినదానికి ఎవరూ నాకు లేనిపోని గొప్పతనం అంటగట్టరు. బల్లి మీద పడితే మూడు రోజులు అన్నం సహించని మనిషిని. అలాంటి నన్ను కిందటేడు రథయాత్ర నుంచి దసరా దాకా ఒక రేకుల ఇంటికి కాపలా పెట్టారు. పెట్టింది పరాయివాళ్ళు కాదు, నా మొగుడూ అత్తగారూ. ఇల్లు కూడా మాదే. అది మాదా కాదా అన్నదే అసలు గొడవ.

అంతకు ముందు పదకొండేళ్ళు జంషెడ్‌పూర్ భాలుబాసా పేటలో ఒకే ఒక్క గదిలో అద్దెకున్నాం. నా భర్త దుర్గాప్రసాద్ మా మేనత్త కొడుకు. అందుకని పెళ్ళయి పదిహేనేళ్ళయినా నాకింకా బావే. జంషెడ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు కింద క్రేను నడుపుతాడు. కంపెనీ సొంత మనిషికైతే క్వార్టరు ఇస్తారు. కాంట్రాక్టు మనిషికి గేటు పాసు ఇస్తారు. గేటు పాసు కప్పుకుని పడుకోలేం కదా. ఆ గదిలో అత్త చిలకమ్మ మంచం మీద, మేము ముగ్గురం కింద, మధ్యలో దుప్పటి తెర. మా పిల్ల సౌజన్యకి పదమూడేళ్ళు వచ్చేసరికి, అది బట్టలు మార్చుకోవాలంటే మిగిలినవాళ్ళం వీధిలోకి వచ్చి ఆకాశంలో ఏదో వింత చూస్తున్నట్టు నిలబడేవాళ్ళం. రథయాత్ర నాటికి ఆ గది కూడా ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన.

అప్పుడు దొరికాడు ఆదిబాబు. స్థలాలు ఇప్పించే మనిషి. మాలాగే టెక్కలి వైపు వాడు. ఊరు కాని ఊళ్ళో మన మాట మాట్లాడేవాడు మనల్ని మోసం చెయ్యడని మావాళ్ళకో నమ్మకం. మోసం చేసేవాడికి కూడా ఏదో ఒక భాష కావాలి కదా అని ఎవరికీ తోచదు.

బారిడీహ్ దాటి, తారు రోడ్డు అయిపోయి, మట్టి దారిలో ఇంకాస్త లోపలికి వెళితే జామ్‌టోలా బస్తీ. దాని చివర రెండు కట్ఠాల నేల, మన లెక్కలో మూడు సెంట్ల పైన, చూపించాడు. హో అనే ఆదివాసీల భూమి అది. ఆదివాసీల నేల మనలాంటివాళ్ళ పేరున రిజిస్ట్రీ కాదని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బావ అదే అడిగాడు. ఆదిబాబు నవ్వాడు.

"కాయితం మాట ఎత్తకు దుర్గా. కాయితం పెద్దోల్లకి. మనకి కబ్జాయే కాయితం. గోడ లేపు, రేకులెయ్యి, ఒక్క వానాకాలం కాపరం సెయ్యి. కరెంటు మీటరు నీ పేరుకొచ్చీసిందంటే ఇంక దేవుడు దిగొచ్చినా నిన్ను కదపలేడు. ఒకటే మాట ఇనుకో. ఇల్లు కాలీగా ఒదలకూడదు. ఎప్పుడూ ఒక మనిసి లోపలుండాల. తాలం ఏసున్న ఇల్లు సూసేరంటే, నువ్వొచ్చేసరికి ఇంకోడి మంచం ఏసుంతాది."

మంచం మాట ఊరికే అన్నది కాదు. ఆ పక్క సందులోనే ఒక కుటుంబం పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళి వస్తే, వాళ్ళ తలుపుకి వేరే తాళం ఉందట. లోపలినుంచి పప్పు తాలింపు వాసన వస్తోందట. ఆ తాలింపు వాసన నా బుర్రలో ఉండిపోయింది.

ఆ స్థలం ఒక మనిషి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. ఉన్నదంతా ఊడ్చి పెట్టి కొన్నాం. ఒక గది, చిన్న వంటగది లేచాయి. గది మూలన సౌజన్యకి ఇటికల అడ్డుగోడ కట్టించాడు బావ. సౌజన్య దాని వెనక్కి వెళ్ళి బట్టలు మార్చుకుని కొత్త గౌనుతో బయటకొచ్చి, "పాపా, మేరా రూమ్" అంది, నాన్నా నా గది అని. బావ ముఖం అటు తిప్పేసుకున్నాడు. ఆ అడ్డుగోడ కోసం నేను పులి బోనులోనైనా కూర్చుంటాననుకున్నాను. కూర్చోవలసే వచ్చింది.

టెల్కో కాలనీలో సత్యభామగారని మన తెలుగు ఇంజనీరుగారి భార్య ఉంది. వాళ్ళింట్లో వంట నేనే చేసేదాన్ని. ఇంటికి కాపలా కావాలి కనక నేను మానేసి, నా బదులు అత్త వెళ్ళడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి. పొద్దున్న తొమ్మిదికి టెంపో ఎక్కితే తిరిగొచ్చేసరికి మూడున్నర. బావకి బి షిఫ్టు, మధ్యాహ్నం ఒంటిగంటకే సైకిలెక్కేస్తాడు. పిల్ల బడినుంచి రెండున్నరకి వస్తుంది. అంటే ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. అందరూ రాత్రిళ్ళు భయపడతారు. నాకు మాత్రం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాళ్ళు చల్లబడేవి.

పాలు పొంగించిన మూడో రోజున అత్త ఆ రాయిని చూసింది. స్థలానికి తూర్పు మూల, గడ్డిలో, మంచం అంత పొడుగు బండ. నేలకి ఆనకుండా నాలుగు చిన్న రాళ్ళ మీద ఆనించి ఉంది. బట్టలు ఉతుక్కోవడానికి బాగుంటుందని నేను బకెట్టు పట్టుకుని వెళ్ళబోతే అత్త నా చెయ్యి పట్టుకు ఆపింది.

"ఒట్టి రాయనుకున్నావేటే? కింద పీట సూడు. ఎవులో కూకోబెట్టేరు. అమ్మోరే ఇది. మన నేలలోకి మనకన్నా ముందొచ్చి కూకుంది."

అత్తకి రాయి అంటే అమ్మవారు, పుట్ట అంటే నాగన్న. మా ఊళ్ళో అలాగే. ఆ శుక్రవారం బండ కడిగి పసుపు రాసింది, కుంకం బొట్లు పెట్టింది. కొత్త కుండలో పసుపు నీళ్ళు కలిపి, వేపమండలు వేసి, దాన్నే ముర్రాటగా తెచ్చి ఆ రాయి మీద పోసింది. "తల్లీ, పిల్లా మేకా సల్లగుండాల. ఈ గూడు నిలబెట్టు" అని మొక్కుకుంది. నేనూ దండం పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు కాస్త ధైర్యం వచ్చింది. మగాడు లేని వేళ అమ్మవారు తోడుంది కదా అనుకున్నాను.

ఆ ధైర్యం మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది.

బావ సైకిలు మలుపు తిరిగి పావుగంట కాలేదు. తలుపు సందులోంచి చూస్తే రాయి దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఎముకల గూడులాంటి మనిషి. మోకాళ్ళ కిందికి కట్టిన ఎర్రంచు తెల్ల చీర, చేతులమీద పచ్చబొట్లు, చేతిలో ఊతకర్ర. రాయినే చూస్తోంది. వంగి, ఒక వేలితో పసుపు తీసి చూసుకుంది. తరవాత తలెత్తి మా ఇంటివైపు చూసింది. గోడలు, రేకులు, తలుపు, అన్నీ ఒక్కొక్కటే చూసింది. ఏమీ అనలేదు. వెళ్ళిపోయింది.

నేను తలుపు గడియ వేసి, కత్తిపీట పక్కన పెట్టుకుని, సౌజన్య వచ్చేదాకా కుక్కిన పేనులా కూర్చున్నాను.

మర్నాడు అదే వేళకి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వాన కురిస్తే గొడుగు వేసుకుని వచ్చింది. ఒక్క మాట లేదు, ఒక్క కేక లేదు. రాయి పక్కన గొంతుక్కూర్చుని, కాసేపు రాయిని, కాసేపు తలుపుని చూసి వెళ్ళేది. తిడితే తిట్టింది పోనీ అనుకుందును. కొట్టడానికొస్తే పెద్దగా అరుద్దును. ఏమీ అనని మనిషితో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ కళ్ళు నా మీద పడితే చాలు, నా చెయ్యి నేను వేసుకున్న గడియ మీదికి పోయేది.

ఆదిబాబుకి చెప్పాం. అతను ఆవిడెవరో వెంటనే పోల్చాడు.

"నంది కుయ్ అని ముసల్ది. నీకు కాయితం ఇచ్చినోడు ఆవిడ మరిది కొడుకు. ఆవిడ ఒప్పుకున్నాదని ఆడు నాతో సెప్పేడు. ఒప్పుకుందో నేదో నానేటి సూసేనా?" అని, నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒక్కత్తే వత్తందా సెల్లీ, ఎనకాల మగోల్లున్నారా?"

"ఒక్కత్తే అన్నియ్యా."

"ఇంకా సూసుకుంతంది అన్నమాట. ఏ ఏలకి మగోడుండడో, ఎంతమందున్నారో. ఆల్ల మందొస్తే యాబై మందొస్తారు, విల్లులట్టుకుని. జాగర్తగుండు."

జాగ్రత్తగా ఉండమని చెప్పడం ఎంత తేలికో. ఆ రోజు నుంచి నేను స్నానం కూడా పొద్దున్నే ముగించుకునేదాన్ని. బోరింగుకి వెళ్ళి బిందె నిండేలోపు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఒకసారి సగం బిందెతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో జారిపడి మోచెయ్యి కొట్టుకుంది. బాజా మోత ఎక్కడ వినిపించినా విల్లులు పట్టుకుని వస్తున్నారనిపించేది. ఏదో పూజ ఊరేగింపు అయి ఉండేది.

ఆ రాయి సంగతి బయట పెట్టింది మా పిల్ల. శ్రావణంలో ఒకరోజు బడి తొందరగా వదిలేశారట. నేను తలుపు సందులోంచి చూస్తూ ఉండగానే సౌజన్య సంచీ ఊపుకుంటూ వచ్చి, తిన్నగా ఆ ముసలావిడ పక్కన కూర్చుంది. గడియ మీద చెయ్యి వేశాను గానీ తియ్యలేదు. వాళ్ళిద్దరూ హిందీలో ఏదో మాట్లాడుకుంటున్నారు. ముసలావిడ చేత్తో రాయిని చూపిస్తోంది, నా కూతురు తల ఊపుతోంది. తరవాత ఆవిడ లేచి వెళ్ళిపోయింది. పిల్ల లోపలికొచ్చింది.

"ఆవిడతో నీకేటి మాటలే? నన్ను పిలవనైనా పిలవకుండా?"

"మమ్మీ, వో భగవాన్ వాలా పత్థర్ నహీ హై," అంది సౌజన్య సంచీ దింపుతూ. "ఉస్‌కే నీచే ఉన్‌కే ఘర్‌వాలోం కీ హడ్డియా హై. ఉన్‌కా ఆద్‌మీ, ఉన్‌కా బేటా, సబ్."

దేవుడి రాయి కాదట. కింద ఆవిడ ఇంటివాళ్ళ ఎముకలున్నాయట. ఆవిడ భర్తవి, కొడుకువి, అత్తమామలవి. వాళ్ళలో మనిషి పోతే ఎముకలు కుండలో పెట్టి, తమ నేలలో ఆ రాతి కింద ఉంచుతారట. పిల్ల ఇదంతా బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, అన్నం పెట్టమంది.

సాయంత్రం అత్తకి చెప్పేసరికి ఆవిడ ఉన్నచోటనే కూలబడింది. చేతులు రెండూ చీరకి తుడుచుకోవడం మొదలుపెట్టింది, పసుపు ఇంకా అంటుకుని ఉన్నట్టు.

"ఎవుల మొగుడికో ముర్రాట పోసేన్రా నాయనా. స్మసానం మీద పొయ్యెలిగించేమే. పాలు పొంగించేమే. ఆడపిల్లని అక్కడ తొంగోబెట్టేమే."

మర్నాడు బావకి ఆఫ్. పొద్దున్నే అత్త మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది, వెళ్ళిపోదాం పదండి అని. బావ వెళ్ళి ఆవిడ పక్కనే గుమ్మంలో కూర్చున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"ఎక్కడికెల్దుమే అమ్మా? బాలుబాసా గదిలో వేరే ఓల్లు దిగిపోనారు. సేతిలో ఏటీ నేదు. ఆడగుంటకి మూలన గోడ కట్టించి రెండు నెల్లవనేదు."

"బయమెయ్యడం నేదేటిరా నీకు?"

"ఎందుకెయ్యదు? క్రేను మీద కూకున్నా ఇదే బయం. కింద లోడు ఊగుతుంటే నాను ఇంటి గురించి ఆలోసిత్తన్నాను. మొన్న సిగ్నల్ మేన్ కేకేసేడు కాబట్టి సరిపోనాది."

అప్పటిదాకా భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం ఒకరికి తెలియకుండా ఒకరం భయపడుతూ, ఒకే పళ్ళెంలో అన్నం తిన్నట్టు దాన్ని పంచుకుంటున్నామని ఆ పొద్దున్నే తెలిసింది. అత్త మూట విప్పింది. ఆ రోజు నుంచి తూర్పు మూల వైపు కన్నెత్తి చూడడం మానేసింది. పసుపు వానకి కారిపోయింది. మేమెవరం మళ్ళీ రాయలేదు.

భాద్రపదంలో ఆదిబాబు పరుగున వచ్చాడు. భూములు కొలిచే అమీను దసరా ముందు బస్తీకి వస్తాడట. ఎవరి నేల, ఎవరు ఉన్నారు అని అడిగి రాసుకుంటాడట. ముసలావిడ 'నాది, నేను అమ్మలేదు' అందంటే మేము నడిరోడ్డు మీద ఉంటాం. 'నాకు అభ్యంతరం లేదు' అని ముందే వేలిముద్ర వేసేసిందంటే ఇంక గొడవ లేదు. ఆవిణ్ణి మరిది కొడుకు ఒప్పించాడట. రేపే తీసుకొస్తాడట.

"ఒక్క బొటనేలు దుర్గా. దాంతో అయిపోద్ది," అన్నాడు.

మర్నాడు పన్నెండింటికి అందరూ మా గదిలో ఉన్నారు. బావ డ్యూటీ బట్టలు వేసుకునే ఉన్నాడు. అత్త ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఆదిబాబు స్టూలు మీద కాగితం, సిరా డబ్బా పెట్టాడు. మరిది కొడుకు పట్టపగలే తూలుతూ గోడకి ఆనుకున్నాడు. నంది కుయ్ మా చాప మీద కూర్చుంది. అంత దగ్గరగా ఆవిణ్ణి చూడడం నాకు అదే మొదటిసారి. మెడ దగ్గర నరం టకటకా కొట్టుకుంటోంది. మంచినీళ్ళిస్తే రెండు చేతులతో పట్టుకుని కూడా ఒలకబోసుకుంది. వయసు వల్ల అనుకున్నాను.

ఆదిబాబు కాగితం హిందీలో చదివాడు. ఆవిడ వింది. బొటనవేలు సిరాలో అద్దించుకుంది. కాగితం మీదికి తీసుకెళ్ళి, గాలిలోనే ఆపి, ఒక్క ప్రశ్న అడిగింది.

"ఔర్ పత్థర్?"

"రహేగా, మాయీ. వహీ రహేగా," అన్నాడు ఆదిబాబు. రాయి అక్కడే ఉంటుంది అని. అంటూనే, నవ్వు ముఖం చెరపకుండా బావవైపు తిరిగి తెలుగులో అన్నాడు. "రేపొద్దున్న లేపే రెండో గదికి పిల్లరు గొయ్యి అక్కడే వత్తాది. ముద్ర పడ్డాక ఆదివారం నలుగురు కుర్రోల్లని తెత్తాను. పీకి నదిలో పడేద్దుం. ఎముకలున్నాయని ఎవులికీ సెప్పకండి."

ఈ పని మేమంతా చేస్తాం. బజారులో బేరం ఆడేటప్పుడు, టెంపోలో పక్కవాడి గురించి చెప్పుకునేటప్పుడు, హిందీ ఆపేసి తెలుగులోకి దిగిపోతాం. ఈ ఊళ్ళో మా భాష మాకు తలుపేసుకున్న గదిలాంటిది. ఎదుటివాడు ముఖం చూస్తూ నిలబడాల్సిందే.

నంది కుయ్ కూడా ముఖాలు చూసింది. ఆదిబాబుది చూసింది, బావది చూసింది. బావ తల దించుకున్నాడు. అత్త కళ్ళు మూసుకుంది. ఆఖరికి నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పు," అంది హిందీలో. "నువ్వు రోజూ ఉంటావు కదా. ఏమన్నాడు వీడు?"

బయట వాన మొదలైంది. రేకుల మీద చినుకులు పడుతున్నాయి. నా ఎదురుగా సౌజన్య అడ్డుగోడ, దాని మీద ఆరేసిన దాని రెండో జత యూనిఫారం. ఉంటుందంటున్నాడు మాయీ, అంటే చాలు. రెండు మాటలు. అబద్ధం ఆడడం నాకేం కొత్త కాదు. ఇల్లు మాదైపోతుంది. పిల్లకి ఆ మూల ఉంటుంది. అత్త పనికి పోనక్కర్లేదు. అన్నీ నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా.

మంచితనం వల్ల అన్నానని మావాళ్ళు కొందరు ఇప్పటికీ అనుకుంటారు. కాదు. ఆ క్షణంలో నాకు కనబడింది ఒకటే. ఆదివారం రాయి పోతుంది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. ఈవిడ వచ్చి ఖాళీ గొయ్యి దగ్గర కూర్చుని తలుపువైపు చూస్తుంది. తలుపు వెనక నేనుంటాను. బతికినన్నాళ్ళూ ఒంటిగంటలు వస్తూనే ఉంటాయి. ఆ చూపు నేను భరించలేను. అంత భయం నా వల్ల కాదు.

"హటా దేంగే, మాయీ," అన్నాను హిందీలోనే. "తీసేస్తారట. నదిలో పడేస్తారట."

నంది కుయ్ చెయ్యి వెనక్కి తీసుకుంది. బొటనవేలికి ఉన్న సిరాని చీర చెంగుకి నిదానంగా తుడుచుకుంది, పూర్తిగా పోయేదాకా. కర్ర తీసుకుని లేచి, వానలోకి వెళ్ళిపోయింది. మరిది కొడుకు బూతులు తిడుతూ వెనకాల పడ్డాడు.

"ఎంత పని సేసినావమ్మా," అన్నాడు ఆదిబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "సేతులారా నీ కొంప నువ్వే కూల్సుకున్నావు."

బావ గడియారం చూసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. టిఫిను డబ్బా అక్కడే మరిచిపోయాడు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నా తల మీద చెయ్యి వేసి, "నానైతే సెప్పనేకపోదును" అంది. మెచ్చుకుందో, నిష్ఠూరమాడిందో అడగలేదు నేను.

నాలుగో రోజు పొద్దున్న బావ నిచ్చెన వేసుకుని పైకెక్కి రేకుల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. అమీను వచ్చి నలుగురిలో వెళ్ళగొట్టేకన్నా మనమే పోవడం మర్యాద అన్నాడు. రేకులైనా దక్కుతాయి. ఎక్కడికి పోతామో మాత్రం చెప్పలేదు. అతనికీ తెలియదు. చినుకులు పడుతూనే ఉన్నాయి. సౌజన్య తన అడ్డుగోడ వెనక కూర్చుని పుస్తకాలు గోనెలో సర్దుకుంటోంది. దాని వీపు మాత్రం కనిపిస్తోంది నాకు.

అప్పుడే వచ్చింది నంది కుయ్. రోజూ వచ్చే వేళ కాదు. కర్ర ఊతంగా నిలబడి, పైన బావని, కింద మూటల్ని, గోనెలో పుస్తకాల్ని చూసింది.

"ఎక్కడికి?" అంది.

"తెలీదు మాయీ."

ఆవిడ కాసేపు వానని చూసింది. "వానలు వెళ్ళాక పొండి. ఆడపిల్లతో ఈ వానలో ఎక్కడికి పోతారు? అమీను వస్తే నేనే ఉండమన్నానని చెబుతాను." కర్రతో పైకి చూపించి కేక వేసింది. "ఏయ్, రేకు బిగించు. గదిలోకి నీళ్ళు పడుతున్నాయి."

బావ నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు, చేతిలో రెంచీతో. తరవాత ఆ బోల్టు మళ్ళీ బిగించడం వినబడింది.

ఆవిడ వెళ్ళి రాయి పక్కన కూర్చుంది. రెండున్నర నెలల్లో మొదటిసారి నేను గుమ్మం దాటి ఆవిడ దగ్గరికి నడిచాను. అడగాలనుకున్నది అడిగేశాను.

"రోజూ మధ్యాహ్నం నన్ను భయపెట్టడానికే వచ్చేదానివా మాయీ?"

ఆవిడ నావైపు వింతగా చూసింది.

"నేను నిన్ను భయపెట్టడమా? ఇదివరకు నెలకోసారి వచ్చేదాన్ని. ఆ పసుపు చూశాక నాకు నిద్ర లేదు. మీవాళ్ళు ముందు దేవుణ్ణి పెడతారు, తరవాత గోడ పెడతారు, ఆ తరవాత మమ్మల్ని రావద్దంటారు. అవతలి బస్తీలో అలాగే చేశారు. ఇవాళ రాయి ఉందో తీసేశారో అని రోజూ గుండె పట్టుకుని వచ్చేదాన్ని. నేను పోయాక నన్ను పెట్టేదీ ఇక్కడే కదా."

నేను ఆవిడ పక్కన గడ్డిలో కూర్చున్నాను. ఆవిడే మళ్ళీ అంది.

"మీ ఆయన సైకిలు పోయేదాకా ఆ మలుపులో చెట్టు చాటున నిలబడేదాన్ని. ఇంకా మగాళ్ళెవరైనా ఉన్నారేమో, కొడతారేమో అని. అప్పుడు తలుపు సందులో నీ చీర కనబడేది. ఆడమనిషి ఉంది, ఫరవాలేదు, ఏం జరిగినా చూస్తుంది అనుకుని అప్పుడు వచ్చేదాన్ని. ఒకరోజు నువ్వు బోరింగు దగ్గరికి వెళ్ళినట్టున్నావు. ఇల్లు ఖాళీగా ఉంది. ఆ రోజు నాకు రాయి దగ్గరికి రావడానికి ధైర్యం చాల్లేదు. వెనక్కి వెళ్ళిపోయాను."